ప్రోటీన్లకు చక్కెర అంటుకోవడం మంచిదా, చెడ్డదా?

ప్రశ్న:
మా అమ్మగారికి చాలా ఏళ్లుగా షుగర్ వ్యాధి ఉంది. హెచ్‌బీఏ1సీ పరీక్షలో హిమోగ్లోబిన్‌కు ఎంత గ్లూకోజ్ అంటుకుందో తెలుస్తుందని, అది పెరిగితే ప్రమాదమని డాక్టరుగారు చెప్పారు. నా డిగ్రీ పాఠంలో మాత్రం జంతుకణాల పైపొరలోని ప్రోటీన్లలో చాలావాటికి చక్కెర గొలుసులు ఉంటాయని, అవి లేనిదే శరీరం నడవదని ఉంది. ఈ రెండూ ఒకటేనా? తెలిసినవారు వివరించగలరు.

మొదటి జవాబు:
ఒకటి కావండి. రక్తంలోని గ్లూకోజ్ ఏ ఎంజైము సాయమూ లేకుండా తనంతట తానే హిమోగ్లోబిన్‌కు అంటుకోవడం గ్లైకేషన్. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది కనుక ఆ పరీక్ష గడిచిన రెండు మూడు నెలల సగటును చూపిస్తుంది. మీ పాఠంలోనిది గ్లైకోసిలేషన్. అక్కడ కణమే పనిగట్టుకుని, ఎంజైములతో, తగిన చోటు చూసి చక్కెరను అమరుస్తుంది.

ఆ అమరిక ఎంత అందమైనదో చూడండి. ప్రోటీను ఇంకా తయారవుతూ, కణంలో ప్రోటీన్లు మడతపడి సరైన ఆకారం పొందే గదిలాంటి ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలోకి దిగుతుండగానే, 14 చక్కెరలున్న కొమ్మ ఒకటి మొత్తంగా వచ్చి దానిలోని ఆస్పరజీన్ అనే అమైనో ఆమ్లం మీద కూర్చుంటుంది. కొమ్మ చివరనున్న మూడు గ్లూకోజుల్లో రెండు తెగి ఒక్కటి మిగిలినప్పుడు, కాల్‌నెక్సిన్ అనే మరో ప్రోటీను దాన్ని పట్టుకుని, మడత సరిగా పడేందుకు తోడుంటుంది. ఆ చివరి గ్లూకోజ్ కూడా ఊడిపోయాక మడత ఇంకా కుదరలేదని తేలితే, వేరొక ఎంజైము మళ్లీ ఒక గ్లూకోజ్ తగిలించి దాని దగ్గరికే వెనక్కి పంపుతుంది.

రెండో జవాబు:
రక్తంలో తిరిగే ప్రోటీను ఎన్నాళ్లు ఉండాలన్నదీ చాలావరకు చక్కెర చేతిలోనే ఉంది. ఆష్‌వెల్, మోరెల్ అనే శాస్త్రజ్ఞులు సెరులోప్లాస్మిన్ అనే రక్త ప్రోటీను గొలుసుల కొసనున్న సయాలిక్ ఆమ్లం అనే చక్కెరను తీసివేసి కుందేళ్లకు ఎక్కించినప్పుడు, అది కొన్ని నిమిషాల్లోనే రక్తంలోంచి మాయమై కాలేయానికి చేరింది. సయాలిక్ ఆమ్లం పోగానే దాని కిందనున్న గాలక్టోజ్ అనే మరో చక్కెర బయటపడుతుంది. దాన్ని గుర్తుపట్టే గ్రాహకం కాలేయ కణాల మీద ఉంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. రక్తం గ్రూపులు కూడా చక్కెరల వల్లనేనా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
అవునండి. ఎర్ర కణాల మీది ప్రోటీన్లకు, కొవ్వులకు ఉన్న గొలుసుల కొసన ఎన్‌-అసిటైల్ గాలక్టోసమైన్ అనే చక్కెర ఉంటే ఎ, గాలక్టోజ్ ఉంటే బి, రెండూ ఉంటే ఎబి. ఏదీ చేరకపోతే మిగిలే, హెచ్ అని పిలిచే మూల గొలుసే ఓ. ఆ హెచ్ కూడా లేనివారిని 1952లో బొంబాయిలో గుర్తించారు. ఈ బాంబే గ్రూపువారికి ఓ గ్రూపు రక్తం కూడా సరిపడదు, తమ గ్రూపు రక్తమే ఎక్కించాలి.