చిన్న షాపులో ప్రొపేన్ ఫ్రీజర్ పెట్టొచ్చా, పాత 134ఏ పెట్టె కొనుక్కోవడమే మేలా?

పెదవాల్తేరు షాపు (శుక్రవారం రాత్రి)

నమస్కారమండి. విశాఖపట్నం పెదవాల్తేరులో బీచ్ వైపు దిగే సందులో చిన్న షాపు తీసుకున్నాను. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, స్లాబు ఎత్తు పది. ముందు షట్టర్ ఒక్కటే, వెనక కిటికీ కూడా లేదు. ఐస్‌క్రీములు, చికెన్ నగ్గెట్లు, చేప ముక్కల ప్యాకెట్లు పెడదామని మూడు వందల లీటర్ల డీప్‌ఫ్రీజర్ చూస్తున్నాను. ఒక మూల టీ స్టవ్ కూడా ఉంటుంది.

డాబాగార్డెన్స్‌లో చూసిన కొత్త పెట్టెలన్నిటికీ వెనక పసుపు ముక్కోణంలో మంట బొమ్మ ఉంది. గ్యాసు ఆర్‌290 అని రాసుంది. అదేంటని అడిగితే ప్రొపేనండి, ఇప్పుడన్నీ అవే వస్తున్నాయి అన్నాడు షోరూం కుర్రాడు. మా బావగారు మాత్రం ససేమిరా అంటున్నారు. "రాత్రంతా షట్టర్ వేసుండే గదిలో మండే గ్యాసు పెట్టుకుంటావా? అల్లిపురంలో పాత రకం 134ఏ గ్యాసుతో నడిచే సెకండ్‌హ్యాండ్ పెట్టె ఉంది, అది మండదు, సగం ధరకే వస్తుంది, తెచ్చుకో" అని ఆయన వాదన. ఉన్న డబ్బంతా అడ్వాన్సుకే పోయింది కాబట్టి తప్పు చేస్తే మళ్లీ కొనే స్తోమత లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

సాగర్‌నగర్ బేకరీ అక్క

మీ బావగారి మాటే నా మాట కూడా. 2020 మే 7న తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్‌లో గ్యాసు కారినప్పుడు ఆర్ఆర్ వెంకటాపురం నుంచి మా పిన్ని వాళ్లని బండి మీద ఎక్కించుకుని వచ్చినవాళ్లం మేము. అది స్టైరీన్, ఇది ప్రొపేన్, రెండూ ఒకటి కావని నాకూ తెలుసు. కానీ "ఏం కాదులెండి" అనే మాట విని ఊరుకోవడం ఆ రోజుతో మానేశాను.

భయంతోనే అనడం లేదు, నా షాపులో జరిగింది చెప్తాను. మాకు గుమ్మంలోంచి సముద్రం కనిపిస్తుంది. మూడేళ్లలో రెండు సార్లు ఫ్రీజర్ వేడి బయటికి వదిలే కండెన్సర్ పైపు తుప్పు తినేసి చిల్లు పడింది. రెండోసారి మెకానిక్ సబ్బు నురగ రాస్తుంటే పక్కనే నిలబడి చూశాను. వంపు దగ్గర, పైపు ఇనప స్టాండుకి ఆనుకునే చోట, ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. అది 134ఏ కాబట్టి ఒక రోజు ఐస్‌క్రీములు కరిగాయి, అక్కడితో సరిపోయింది. అదే మండే గ్యాసైతే, పక్కన మీ టీ స్టవ్ వెలుగుతుంటే? ఉప్పు గాలిలో పైపులకి చిల్లు పడుతుందా లేదా అనేది ప్రశ్నే కాదు. ఎప్పుడు పడుతుందన్నదే ప్రశ్న.

గాజువాక ఫ్రిజ్ మెకానిక్

ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. అక్కగారు చెప్పిన తుప్పు నిజం. గాజువాకలో పదేళ్లు నడిచే కండెన్సర్ బీచ్ రోడ్డులో సగం కాలం కూడా నడవదు. కానీ లెక్క వేయకుండా గ్యాసు పేరు విని భయపడొద్దు.

తమ్ముడూ, ఫ్రీజర్ వెనక ప్లేటు మీద గ్యాసు పక్కనే గ్రాములు రాసుంటాయి. మూడు వందల లీటర్ల పెట్టెలో ఎనభై గ్రాములు ఉందనుకో. ప్రొపేన్ అంటుకోవాలంటే గాలిలో రెండు శాతం పైన కలవాలి, అంటే ఘనపు మీటరుకి సుమారు 38 గ్రాములు. నీ గది పన్నెండు వందల ఘనపు అడుగులు, అంటే 34 ఘనపు మీటర్లు. గదంతా ఆ హద్దుకి రావాలంటే కిలో మూడు వందల గ్రాములు కారాలి. పెట్టెలో ఉన్నదంతా ఖాళీ అయినా అందులో పదహారో వంతు. నీ టీ స్టవ్ కింద ఇంటి సిలిండర్ ఉంటే అందులో 14.2 కిలోలు, కమర్షియల్‌ది అయితే 19 కిలోలు. దాన్ని చూసి ఎవరూ భయపడటం లేదు! అంతర్జాతీయ ప్రమాణంలో గ్యాసు తిరిగే ఒక్కో సర్క్యూట్‌కి 150 గ్రాములే హద్దుగా చాలాకాలం ఉంచారు. 2019లో ప్రొపేన్‌కి 500 దాకా పెంచారు, అదీ షరతుల మీద.

ఇక అల్లిపురం పెట్టె. నన్నడిగితే అసలు భయపడాల్సింది దానికి. 134ఏ మండదు, ఒప్పుకుంటాను. కానీ ఆ పెట్టెలో ఇప్పుడు ఉన్నది 134ఏ అని నీకెవరు చెప్పారు? చవకగా అవుతుందని పాత 134ఏ పెట్టెల్లోకి బ్యూటేను, ప్రొపేను కలిపిన గ్యాసు కొట్టేవాళ్లున్నారు. వంటగ్యాసు ఎక్కించిన పెట్టె కూడా నా చేతికి వచ్చింది. కంపెనీ ప్రొపేన్ పెట్టె చేసేటప్పుడు మోటారుని ఆన్ చేసే రిలే, చల్లదనం చూసుకునే థర్మోస్టాట్ నిప్పురవ్వ బయటికి రాని రకం వేస్తుంది. పాత పెట్టెలో మామూలు రిలే, ఆన్ అయిన ప్రతిసారీ లోపల చిటుక్కుమంటుంది. పైన ముక్కోణం బొమ్మ ఉండదు. రేపు ఇంకో మెకానిక్ వచ్చి మండని గ్యాసే కదా అని నేరుగా పైపులు అతికే మంట టార్చి వెలిగించి పైపు ఊడదీస్తాడు. ఆ మంట ఎవరి మొహానికి తగులుతుందో ఆలోచించు.

సాగర్‌నగర్ బేకరీ అక్క

మెకానిక్ గారూ, లెక్క బాగుంది. కానీ గ్యాసు మీ లెక్క ప్రకారం గదంతా సమానంగా పరుచుకుంటుందా? ప్రొపేన్ గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువు. నేల మీదే పాకుతుంది. రాత్రి షట్టర్ వేశాక గాలి కదలదు. పొద్దున్నే వచ్చి గల్లాపెట్టె కింద, నేలకి జానెడెత్తున దేవుడి పటం ముందు దీపం వెలిగించేవాళ్లం మనం. పైగా వంటగ్యాసుకి వాసన కలుపుతారు కాబట్టి కారితే ముక్కు పట్టేస్తుంది. ఫ్రీజర్‌లో పోసే ప్రొపేన్‌కి ఆ వాసన ఉండదు కదా. ఎలా తెలుస్తుంది?

గాజువాక ఫ్రిజ్ మెకానిక్

రెండూ సరైన మాటలే. వాసన ఉండదు. పెట్టె చల్లబడకపోవడం, మోటారు ఆగకుండా తిరగడం, ఇవే ఆనవాళ్లు. పైపు జాయింట్ల దగ్గర జిడ్డు మరక కనిపిస్తే కూడా అనుమానించాలి, కారేటప్పుడు గ్యాసుతోపాటు కంప్రెసర్ ఆయిలూ వస్తుంది. నేల మీద పాకుతుంది కాబట్టే నేలకి దగ్గరగా గోడలో గాలి పోయే జాలీ ఉండాలి. పైన ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టినంత మాత్రాన చాలదు. దీపం ఎత్తున పెట్టుకోండి, స్టవ్ షట్టర్ బయటికి జరపండి. తుప్పు చిల్లు సన్నంగా ఉంటే గ్యాసు రోజుల తరబడి కొద్దికొద్దిగా పోతుంది, అది పోగుపడేది తక్కువ. పైపు తెగితే మాత్రం నిమిషాల్లో పోతుంది.

జాలరిపేట తమ్ముడు

తెగే సంగతి నేను చెప్తాను. మాది చేపల యాపారం. మావోడు ఐసు గడ్డకట్టిందని స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో కొట్టాడు. బుస్సుమంది. అంతే, గ్యాసు మొత్తం పెట్టెలోకే వచ్చేసింది. మాది పాత పెట్టె కాబట్టి డబ్బులు మాత్రమే పోయాయి. బాగుచేయడానికి కుదరదన్నారు, అల్యూమినియం గోడ లోపలుండే పైపు కదా. ఇదే ప్రొపేన్ పెట్టెలో జరిగితే ఏటవుతుందండి?

గాజువాక ఫ్రిజ్ మెకానిక్

తమ్ముడు మంచి ప్రశ్న అడిగాడు. నా మొదటి లెక్కలో నేను చెప్పనిది ఇదే. అన్నిటికన్నా ఇరుకు గది నీ షాపు కాదు, ఆ పెట్టె లోపలే. మూడు వందల లీటర్లంటే 0.3 ఘనపు మీటరు. అక్కడ అంటుకునే హద్దుకి పన్నెండు గ్రాములు చాలు. ఎనభై గ్రాములు మూత కింద చేరితే అక్కగారి భయం అక్షరాలా నిజం.

అందుకే ప్రొపేన్ పెట్టెలో కత్తి, స్క్రూడ్రైవర్, సుత్తి పెట్టనే కూడదు. హెయిర్ డ్రయ్యర్‌తో కరిగించొద్దు. లోపల బల్బు, బ్యాటరీ ఫ్యాను లాంటివి సొంతంగా తగిలించొద్దు. మంచు అర సెంటీమీటరు దాటితే సరుకు వేరే పెట్టెలోకి మార్చి, ప్లగ్గు తీసి, మూత తెరిచి వదిలెయ్. కావాలంటే గోరువెచ్చని నీళ్ల గిన్నె లోపల పెట్టు. బుస్సుమన్న శబ్దం వస్తే స్టవ్ ఆర్పి, షట్టర్ పూర్తిగా ఎత్తి బయటికి వచ్చెయ్. ఆ పక్కనున్న ఏ స్విచ్చీ ముట్టుకోవద్దు, ప్లగ్గూ పీకొద్దు. కరెంటు ఆపాలంటే బయటి మెయిన్ దగ్గర ఆపు. తర్వాత ప్రొపేన్ పని తెలిసిన మెకానిక్‌నే పిలువు. వచ్చినవాడు పెట్టె దగ్గరికి రాగానే టార్చి వెలిగిస్తే అక్కడే ఆపెయ్. ముందు గ్యాసు ఆరుబయటికి వదిలి, పైపుల్లో నైట్రోజన్ తోలి, వీలైనంత వరకు మంట లేకుండా నొక్కి బిగించే జాయింట్లతో చేయాలి.

కంచరపాలెం ఎలక్ట్రీషియన్

ఇన్ని పోస్టులు చదివాను. గ్యాసు గురించి అందరూ మాట్లాడారు, ప్లగ్గు గురించి ఒక్కరూ అడగలేదు. నా అనుభవంలో ఫ్రీజర్ వల్ల దెబ్బ తిన్నవాళ్లు ఎక్కువగా కరెంటు వల్ల తిన్నవాళ్లే.

పోయిన నెల ఒక జ్యూస్ షాపుకి వెళ్లాను. ఫ్రీజర్ ముట్టుకుంటే జివ్వుమంటోందని పిలిచారు. ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టె వెనక నేల మీదే, కింద కరిగిన నీళ్లు. ప్లగ్గు లాగితే ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ నల్లగా మాడి, కరిగి, గట్టిపడి ఉంది. మూడో పిన్ను, ఎర్తుకి వెళ్లే లావు పిన్ను, హాక్సాతో కోసేశారు, టూ పిన్ సాకెట్లో పట్టలేదని. ఓనరు చెప్పులేసుకునే ముట్టుకుంటున్నాను కదా అన్నారు. ఆయన పదేళ్ల కూతురు అదే నేల మీద ఒట్టి కాళ్లతో నిలబడి ఉంది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

ఏ గ్యాసు పెట్టె కొన్నా దానికి సొంత లైను లాగించండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 16 ఆంపియర్ల సాకెట్, లోడు ఎక్కువైతే కరెంటు ఆపే ఎంసీబీ విడిగా. సాకెట్ నేలకి ఎత్తున, పెట్టె వెనక కాకుండా పక్కన, చెయ్యి అందే చోట ఉండాలి. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు తప్పనిసరి. అది పడిపోతోందంటే ఎక్కడో లీకేజీ ఉన్నట్టు, దాన్ని తప్పించి డైరెక్టు ఇవ్వమని ఏ ఎలక్ట్రీషియన్‌నీ అడగొద్దు. బీచ్ పక్క ఇసక నేలల్లో ఎర్తింగ్ కూడా చూపించుకోండి. ఎండాకాలం ఇసక ఎండిపోతే ఎర్తు సరిగా పనిచేయదు, ఇనప పైపైతే ఉప్పుకి తినేస్తుంది.

కరెంటు పోయి వెంటనే వస్తే కనీసం మూడు నిమిషాలు ఆగాక పెట్టె ఆన్ అవ్వాలి. లోపలి ప్రెజరు సర్దుకోకముందే మోటారు లేవబోతే వేడెక్కి కాలుతుంది. ఆ ఆలస్యం ఉన్న స్టెబిలైజర్ తీసుకోండి.

వెంకోజీపాలెం

ఒక్క మాట చేరుస్తాను. 134ఏకి భూమిని వేడెక్కించే శక్తి బొగ్గుపులుసు వాయువు కన్నా 1430 రెట్లు, ప్రొపేన్‌ది మూడు రెట్ల దగ్గరే. ఇలాంటి గ్యాసుల వాడకం తగ్గించాలని దేశాల మధ్య కిగాలీ ఒప్పందం 2016లో కుదిరింది, మన దేశం 2021లో ఆమోదించింది. 2028లో ఈ రకం గ్యాసుల వాడకాన్ని ఒక హద్దు దగ్గర ఆపి, 2032 నుంచి తగ్గించుకుంటూ 2047కి 85 శాతం తగ్గించాలి. అంటే ఇవాళ కొన్న 134ఏ పెట్టెకి గ్యాసు కారిపోతే మళ్లీ కొట్టించుకోవడం ముందు ముందు భారం కావచ్చు. పైగా మండదు కదా అని దాన్ని మంట దగ్గర కారనివ్వకూడదు. బాగా వేడి తగిలితే విరిగి హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు వస్తుంది. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక మా వీధిలో ఫ్రీజర్ల సరుకంతా పారబోశారు. నేను మాత్రం అదే ఊరు, అదే సముద్రం ఇంకా వేడెక్కడం చూడలేను.

సాగర్‌నగర్ బేకరీ అక్క

పాత పెట్టె విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. లోపల ఏముందో తెలియనిది కొనొద్దు. కానీ బిల్లుతో, లేబుల్‌తో కొత్త 134ఏ పెట్టె ఎక్కడైనా దొరికితే, కిటికీ లేని గదికి నా ఓటు ఇప్పటికీ దానికే. మెకానిక్ గారు చెప్పినవన్నీ పాటించే మనుషులుంటే ప్రొపేన్ మంచిదే. జీతానికి వచ్చే కుర్రాడు సుత్తి పట్టుకోడని ఎవరు హామీ?

పెదవాల్తేరు షాపు (ఆదివారం సాయంత్రం)

అందరికీ కృతజ్ఞతలు. నిన్న అల్లిపురం వెళ్లాను. పెట్టె వెనక ప్లేటు ఉంది కానీ గ్యాసు పేరుండే చోట గీకేసి ఉంది. కంప్రెసర్ పక్క సన్న పైపు కొసన గ్యాసు ఎక్కించే కొత్త పిన్ వాల్వు మెరుస్తోంది, చుట్టూ మిగతాదంతా తుప్పే. ఏ గ్యాసు కొట్టారని అడిగితే "చల్లదనం బాగా వస్తుంది సార్, అదెందుకు మీకు" అన్నారు. బావగారు నా వెనకే ఉన్నారు. తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఆయనేమీ మాట్లాడలేదు.

కొత్త పెట్టె తీసుకున్నాను, ఆర్‌290, ప్లేటు మీద 78 గ్రాములు అని ఉంది. ఇంటి ఓనరు గారిని అడిగి వెనక గోడలో నేలకి నాలుగంగుళాల పైన జాలీ కొట్టించాను. గోడకి, పెట్టెకి మధ్య జానెడు ఖాళీ వదిలాను. సొంత లైను, ఆర్‌సీసీబీ అయిపోయాయి. సుత్తి, స్క్రూడ్రైవర్ షాపులోనే ఉంచడం లేదు, ఇంటికి పంపేశాను. ఆటోలో నిలబెడితే పట్టక పడుకోబెట్టి తెచ్చారు, కంప్రెసర్ ఆయిల్ కిందికి దిగాలట కదా, ఇంకా ప్లగ్గు పెట్టలేదు.

గాజువాక ఫ్రిజ్ మెకానిక్

పడుకోబెట్టి తెచ్చారు కాబట్టి రేపు సాయంత్రం దాకా ఆగు. ఖాళీ పెట్టె మైనస్ 18కి వచ్చాకే సరుకు పెట్టు. ఆ చుట్టుపక్కల ఉప్పుకి నెలకోసారి ప్లగ్గు తీసి మెత్తటి బ్రష్‌తో కండెన్సర్ తుడువు. నీళ్లు కొట్టొద్దు. ఆ బ్రష్ పట్టుకున్నప్పుడే పైపు వంపుల దగ్గర తుప్పు చూసుకో.

సాగర్‌నగర్ బేకరీ అక్క

టీ స్టవ్?

పెదవాల్తేరు షాపు

షట్టర్ బయటికి తీశానక్కా. దీపం పలక కూడా ఎత్తున కొట్టించాను.