ఆర్థో పీజీలకు వీఆర్ హెడ్‌సెట్లు: టిబియా నెయిలింగ్ నేర్పడానికి ఎంతవరకు పనికొస్తాయి?

ప్రశ్న
పీజీలకు టిబియా నెయిలింగ్ (విరిగిన మోకాలి కింది పెద్ద ఎముక లోపలికి లోహపు కడ్డీ దింపే ఆపరేషన్) నేర్పడానికి మా డిపార్ట్‌మెంట్ క్వెస్ట్ 3 వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్లు కొనాలనుకుంటోంది. అమ్మేవాళ్లు 2002 నాటి యేల్ స్టడీ చూపించి ఆపరేషన్ 29 శాతం త్వరగా అవుతుందంటున్నారు. ఆరు కొనాలా, రెండు సరిపోతాయా? డ్రిల్లింగ్ చేతికి వస్తుందా?

ఆర్థో ఫ్యాకల్టీ
స్టడీ నిజమే, కానీ అందులో హెడ్‌సెట్ లేదండి. 16 మంది రెసిడెంట్లు, మానిటర్ ముందు, లాపరోస్కోపీ (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్) హ్యాండిళ్లతో ప్రాక్టీస్ చేశారు. 29 శాతం తేడా గాల్‌బ్లాడర్ విడదీయడంలో వచ్చింది. దాన్ని ఎముక పనికి అంటగట్టకూడదు.

హెడ్‌సెట్‌తో బాగా వచ్చేది వరస. ఏ పరికరం తర్వాత ఏది, సీ-ఆర్మ్ (ఓటీలో వాడే ఎక్స్‌రే యంత్రం) ఎటు తిప్పాలి, బాల్‌టిప్ గైడ్‌వైర్ (కొనకు గుండు ఉన్న దారి చూపే తీగ) ఎప్పుడు దింపాలి, అర మిల్లీమీటరు చొప్పున రీమ్ చేస్తూ (ఎముక లోపలి గొట్టాన్ని వెడల్పు చేస్తూ) నెయిల్ కంటే 1 నుంచి 1.5 మి.మీ. ఎక్కువకు ఎక్కడ ఆపాలి, ఇవి. ఎంట్రీ పాయింట్ (నెయిల్ ఎముకలోకి దిగే చోటు) కూడా బాగా పట్టుబడుతుంది. ఏపీ వ్యూలో (ముందు నుంచి తీసిన ఎక్స్‌రేలో) టిబియా బయటి అంచు ఫిబ్యులా (పక్కనుండే సన్నని ఎముక) తలను సగానికి కోసినట్టు కనిపించాలి. కాలు కాస్త తిరిగి ఉన్నా ఎంట్రీ పక్కకు జరిగిపోతుంది. పేషెంటుకు రేడియేషన్ తగలకుండా దీన్ని ఎన్నిసార్లయినా సరిచూసుకోవచ్చు.

డ్రిల్లింగ్ మాత్రం రాదు. కంట్రోలర్ వణుకుతుందంతే. మొదటి కార్టెక్స్ (ఎముక గట్టి పైపొర) దాటగానే చేతికి తెలిసే ఆ వదులు, రెండోది దాటే క్షణంలో చెయ్యి బిగబట్టి ఆపడం అందులో లేవు. అది రాకపోతే డ్రిల్ బిట్ అవతలి రక్తనాళాల మీదికి దూసుకుపోతుంది. రెండు హెడ్‌సెట్లు కొని, మిగిలిన డబ్బు ప్లాస్టిక్ ఎముకలకు, డ్రిల్ బిట్లకు పెట్టండి. మొద్దుబారిన బిట్‌తో నేర్పితే నొక్కడం అలవాటవుతుంది, ఆ అలవాటే ప్రమాదం.

బయోమెడికల్ ఇంజనీర్
గది సంగతి. ఒక్కొక్కరికి 2×2 మీటర్ల ఖాళీ ఉండాలి. చెయ్యి పైకెత్తితే సీలింగ్ ఫ్యాన్ తగలకూడదు. అద్దాల బీరువాలు, మెరిసే స్టీలు బల్లలు ఎదురుగా ఉంటే ట్రాకింగ్ తప్పుతుంది. కిటికీ పక్కన లెన్స్ పైకి పెట్టి వదిలేయొద్దు, ఎండ పడితే లోపలి స్క్రీన్ కాలిపోతుంది. లెన్సులు పొడి మైక్రోఫైబర్ గుడ్డతోనే తుడవాలి, స్పిరిట్ తగలకూడదు. చెమటకు ఫోమ్ పాడవుతుంది, సిలికాన్ కవర్ వేయండి. అప్‌డేట్లన్నీ ముందు రోజే చేసేయండి, లేకపోతే క్లాసు టైమంతా డౌన్‌లోడ్‌కే పోతుంది.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలు సర్. కొందరికి తల తిరుగుతుందంటారు, ఏం చేయాలి? స్కోరు చూసి ఓటీలోకి పంపవచ్చా?

ఆర్థో ఫ్యాకల్టీ
తల తిరిగితే ముందు కంటిపాపల మధ్య దూరం సరిచేయండి, క్వెస్ట్ 3లో దానికి కింద చక్రం ఉంది. 15–20 నిమిషాలకు మించి పెట్టుకోనివ్వొద్దు. వికారం మొదలైతే వెంటనే తీసేయాలి, ఓర్చుకుంటే ఇంకా పెరుగుతుంది.

స్కోరులో టైం లెక్కలోకి తీసుకోకండి. ఎన్ని సీ-ఆర్మ్ షాట్లు తీశారు, ఎన్నిసార్లు వరస తప్పారు, ఎక్కడ తప్పారు అన్నవే చూడండి. గైడెడ్ మోడ్‌లో అందరూ పాసవుతారు, బాణం గుర్తు దారి చూపిస్తుంది కాబట్టి. అది ఆపి టెస్ట్ మోడ్ పెట్టండి. తర్వాత హెడ్‌సెట్ తీయించి, ఖాళీ బల్ల ముందు నిలబెట్టి మొత్తం స్టెప్పులు నోటితో చెప్పించండి, గైడ్‌వైర్ ఎముక లోపలి గొట్టం మధ్యలో లేకపోతే ఏం చేస్తావని మధ్యలో ఆపి అడగండి. ఆ తర్వాతే ప్లాస్టిక్ ఎముక, దాని తర్వాతే సీనియర్ పక్కన ఉండగా పేషెంటు.