బౌంటీ కిట్‌ను బీగిల్‌గా మార్చొచ్చా? హల్ (ఓడ డొల్ల) దగ్గరే ఆగిపోయాను

తాడిపత్రి టీచర్

అందరికీ నమస్తే. తాడిపత్రి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెప్తాను. మా తమ్ముడు హైదరాబాద్‌లో ఇల్లు మారుతూ "నీ స్కూలుకు పనికొస్తుందిలే అక్కా" అని ఒక పాత ప్లాస్టిక్ ఓడ కిట్ నాకు అంటగట్టాడు. బౌంటీ ఓడ, 1:110 స్కేలు. పెట్టె ఒక మూల చెద తిన్నది కానీ లోపల ముక్కలన్నీ ఫ్రేములకే ఉన్నాయి.

బౌంటీ అంటే 1789లో నావికులు తిరగబడి, కెప్టెన్ బ్లైని చిన్న పడవలోకి దించేసి ఎత్తుకుపోయిన ఓడ. కథ బాగుంటుంది కానీ నా క్లాసులో దానికి చోటు లేదు. నాకు డార్విన్ ఎక్కిన బీగిల్ కావాలి. పరిణామం గురించి మొదలుపెడితే చాలు, ఎవరో ఒకరు "ఆ ఓడ ఎంత ఉంటుంది మేడమ్?" అని అడుగుతారు. ఓడ చూసిన పిల్లలు మా వైపు ఎవరున్నారు? పుట్టి చూసినవాళ్ళే తక్కువ.

కొలతలు వెతికితే ఆశ పుట్టింది. బౌంటీ పొడవు 90 అడుగుల 10 అంగుళాలు, వెడల్పు 24 అడుగుల 4 అంగుళాలు. బీగిల్ పొడవు 90 అడుగుల 4 అంగుళాలు, వెడల్పు 24 అడుగుల 6 అంగుళాలు. ఈ స్కేలులో పొడవుకు తేడా మిల్లీమీటరున్నర కూడా రాదు. వెడల్పుకైతే అర మిల్లీమీటరు. మరి హల్ జోలికి పోకుండా పైన తెరచాప కొయ్యలు, తాళ్ళు మారిస్తే సరిపోతుందా? హాబీ షాపు అనేది మా ఊళ్ళో లేదు, ఇక్కడ దొరికేవాటితోనే కానివ్వాలి. జిల్లా సైన్స్ ఫెయిర్‌లో పెట్టాలని ఆలోచన.

గుంతకల్లు తాత

అమ్మా, రైల్వేలో రిటైరయినప్పటి నుంచి నాకు ఇదే పని. మీ లెక్కలో తప్పు లేదు. కానీ పొడవూ వెడల్పూ కలిసినంత మాత్రాన ఓడలు కలవవు.

బౌంటీ పుట్టుకతో యుద్ధనౌక కాదు. 1784లో కట్టిన బొగ్గు ఓడ, అప్పటి పేరు బెథియా. బొగ్గు ఓడకు వేగంతో పని లేదు, సరుకు పట్టాలి. ఆటు వచ్చి నీళ్ళు తీసేస్తే రేవులో బురద మీద పక్కకు ఒరగకుండా కూర్చోవాలి. అందుకే అడుగు వెడల్పుగా, దాదాపు చదునుగా ఉంటుంది. ముందుభాగం గుమ్మడికాయ బుగ్గలా ఉబ్బి ఉంటుంది. బీగిల్ అట్లా కాదు. నేవీ కోసం హెన్రీ పీక్ అనే ఆయన గీసిన చెరోకీ తరగతి బ్రిగ్, అంటే రెండు కొయ్యల చిన్న యుద్ధనౌక. ఆ తరగతిలో వందకు పైగా కట్టారు, బీగిల్ 1820లో వూలిచ్‌లో నీళ్ళలో దిగింది. దాని అడుగు కీలు (ఓడ అడుగున పొడవునా ఉండే దూలం) నుంచి రెండు వైపులా ఏటవాలుగా లేస్తుంది. మీ కిట్ హల్‌ను చేతిలో తిప్పి చూడండి, అడుగు చూస్తే మీకే తెలుస్తుంది.

కొయ్యలు, తెరచాపలు కట్టే అడ్డకర్రలు, తాళ్ళు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. హల్ మార్చడమంటే శిక్ష. అందుకే కిట్ మార్చేటప్పుడు "నాకే ఓడ కావాలి" అని మొదలుపెట్టను, "ఈ హల్‌లో నుంచి ఏ ఓడ వస్తుంది" అని చూస్తాను. ఈ హల్‌లో నుంచి పేచీ లేకుండా వచ్చేది బెథియానే. 1787లో నేవీ 1,950 పౌండ్లకు కొనకముందు ఎట్లా ఉండేదో అట్లా చేయండి. ఫిరంగులు తీసేసి వాటి కంతలు పూడ్చండి, రెయిలింగ్ మీద చిన్న తుపాకుల దిమ్మెలు కోసేయండి. అడుగున రాగి రేకుల గీతలు గీకేయండి, అవి నేవీ కొన్నాక వేసినవే. మధ్యలో సరుకు దించే మూత పెద్దది చేయండి. అంతే.

ఇంకో మాట. మీరు బయాలజీ టీచరు కదా, బౌంటీని అంత తేలిగ్గా కొట్టేయొద్దు. అది తాహితీ నుంచి వెస్టిండీస్‌కు సీమపనస మొక్కలు మోయడానికి పోయిన ఓడ. బానిసలకు చవక తిండి కోసం ఆ మొక్కలు. కెప్టెన్ ఉండాల్సిన పెద్ద క్యాబిన్‌ను 629 కుండీలు పట్టే నర్సరీ చేశారు. డెక్ (ఓడ పై నేల) మీద ఒక కిటికీ కోస్తే పిల్లలకు ఆ కుండీలు చూపించొచ్చు.

ప్రొద్దుటూరు రాజు

తాతా, మీరు మేడమ్‌ను భయపెడుతున్నారు. ఒక పెద్ద కిట్ కంపెనీ వాళ్ళే తమ బౌంటీ అచ్చును అటూ ఇటూ మార్చి బీగిల్ అని పెట్టెలో పెట్టి అమ్మారు. డబ్బులు తీసుకుని వాళ్ళు చేయగా లేనిది, స్కూల్ కోసం మేడమ్ చేస్తే తప్పేంటి? సైన్స్ ఫెయిర్‌లో ఓడ అడుగు వంచి చూసేవాడు ఎవడు?

మేడమ్, ముఖ్యమైన మార్పు వెనక కొయ్య. బౌంటీకి మూడు కొయ్యల మీదా అడ్డకర్రలు ఉంటాయి. బీగిల్ మొదట రెండు కొయ్యల బ్రిగ్, 1825లో సర్వే పనికి సిద్ధం చేస్తూ మూడో కొయ్య వేశారు. దాని మీద అడ్డకర్రలు లేవు, ఓడ పొడవు వెంబడి ఉండే తెరచాప మాత్రమే. కాబట్టి కిట్‌లో వెనక కొయ్యకు వచ్చే అడ్డకర్రలన్నీ పక్కన పెట్టేయండి. దూరం నుంచి చూసినా బౌంటీ కాదని తెలిసిపోతుంది.

ఇక డెక్. రెండో యాత్రకు, అంటే డార్విన్ పోయినదానికి, ముందు కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ డెక్ ఎత్తు పెంచాడు. ముందు 12 అంగుళాలు, వెనక 8. మీ స్కేలులో ముందు 2.8, వెనక 1.8 మిల్లీమీటర్లు. హల్ లోపలి గట్టు మీద ఆ మందంలో పట్టీ అతికించి దానిమీద డెక్ కూర్చోబెట్టండి.

కొయ్యలకు ప్లాస్టిక్ వద్దు, తాళ్ళు బిగించగానే వంగిపోతాయి. మా ఊళ్ళో బంగారం పని చేసేవాళ్ళ దగ్గర కమ్మచ్చు (తీగ సన్నం చేసే కంతల పలక) ఉంటుంది. తాడిపత్రిలోనూ కంసాలి అంగడి లేకుండా ఉండదు. వెదురు చీల్చి, తీగ లాగినట్టు ఒక్కో కంతలో నుంచి లాగితే ఎంత సన్నం కావాలంటే అంత వస్తుంది. తీగకైతే కంత వెడల్పు వైపు నుంచి పెడతారు, వెదురుకు వెనక వైపు నుంచి పెట్టాలి. అటు అంచు పదునుగా ఉండి చెక్కుతుంది. వాడేసిన పాత కమ్మచ్చు అడగండి, కొత్తది ఇవ్వరు.

సుంకేసుల

నాదో పిచ్చి సలహా. డార్విన్ ఓడ ఎందుకు, కేసీ కెనాల్ పడవ చేయండి. 1860ల్లో ఆ కాలువ తవ్వింది సాగుకే కాదు, పడవలు నడపడానికి కూడా. కర్నూలు నుంచి కడప దాకా నీళ్ళ మీద పోవాలని వాళ్ళ ప్లాను. చదును అడుగు ఎటూ ఉంది కదా!

గుంతకల్లు తాత

సుంకేసుల బాబూ, ఆ పడవ డ్రాయింగ్ ఒకటి సంపాదించి పెట్టు, ముందు నేనే చేస్తా.

రాజూ, కమ్మచ్చు సంగతి బాగా చెప్పినావు. డెక్ లెక్క మాత్రం ఒప్పుకోను. ఫిట్జ్‌రాయ్ 12 అంగుళాలు పెంచింది బీగిల్ పాత డెక్ మీద. నువ్వు పెంచమంటున్నది బౌంటీ డెక్ మీద. ఆ రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయని ఎవరు చెప్పారు? చెరోకీ తరగతి ప్లాను ముందు పెట్టుకుని, కీలు నుంచి డెక్ దాకా కొలిచి, ఆ ఎత్తుకు కిట్ డెక్‌ను తేవాలి. పెంచాలో దించాలో అప్పుడు తెలుస్తుంది.

తాడిపత్రి టీచర్

తాతగారూ, మీ మొదటి పోస్ట్ చదివి బెథియా వైపు మనసు లాగింది, నిజం. కుండీల సంగతి క్లాసులో చెప్తాను కూడా. కానీ బీగిల్ వదల్లేను. ఓడ అడుగే పేచీ అయితే అసలు అడుగు కనపడకుండా చేస్తే? నీళ్ళలో ఉన్నట్టు, పై భాగం వరకే?

గుంతకల్లు తాత

నేను అనాల్సిన మాట మీరే అన్నారు. బొగ్గు ఓడ లక్షణంలో సగానికి పైగా నీటి కిందే ఉంది. కోసేస్తే పోయింది. మిగిలేది ముందు బుగ్గ. దాన్ని లోపల ఎమ్‌సీల్ నింపి బయట ఉప్పుకాగితంతో రుద్ది కొంచెం సన్నం చేయొచ్చు. లోపల నింపకుండా రుద్దితే చిల్లు పడుతుంది.

కోసే పద్ధతి చెప్తా, తొందరపడొద్దు. బీగిల్ నీళ్ళలో మునిగేది 12 అడుగుల 6 అంగుళాలు, అంటే మీ స్కేలులో ముప్పై నాలుగున్నర మిల్లీమీటర్లు. రెండు హల్ ముక్కలు అతికించి పూర్తిగా ఆరనివ్వండి. ఆ తర్వాత లోపల మూడు నాలుగు చోట్ల అడ్డంగా గట్టి పలకలు బిగించండి. ఇది చేయకుండా కోస్తే పక్కలు లోపలికి ముడుచుకుపోతాయి, మళ్ళీ డెక్ కూర్చోదు. హల్‌ను టేబుల్ మీద సమంగా నిలబెట్టి, చెక్కముక్క మీద పెన్సిల్ కదలకుండా కట్టి, ఆ ఎత్తులో ఓడ చుట్టూ గీత గీయండి. గీత మీద కత్తి వీపుతో మళ్ళీమళ్ళీ గీకి గాడి చేశాక సన్న హాక్సా బ్లేడు పట్టండి. వేగంగా కోస్తే ప్లాస్టిక్ కరిగి బ్లేడును పట్టేస్తుంది. ఈ పని పిల్లల చేతికి ఇవ్వొద్దు.

అడ్డ పలకలకు ఫ్లెక్స్ అంగడిలో మిగిలిన సన్‌బోర్డు ముక్కలు అడగండి. అది పీవీసీ, ప్లాస్టిక్ గమ్ముతో కిట్‌కు సరిగా అతకదు, ఫెవిక్విక్ వాడాలి. సందులు పూడ్చడానికి మాత్రం కిట్ ఫ్రేము ముక్కలనే చిదిపి ఎన్‌సీ థిన్నర్‌లో నానబెట్టండి, లేహ్యంలా అవుతుంది. కిటికీలు తెరిచి పెట్టుకుని చేయండి.

ఓడను నీళ్ళలో పెట్టాలనుకున్నారు కాబట్టి గాలాపగోస్‌లో లంగరు వేసినట్టు చేయండి. 1835 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో అక్కడే ఉంది. లంగరు మీద ఉంటే తెరచాపలు చుట్టేసి ఉంటాయి, కిట్‌లో వచ్చే దళసరి ప్లాస్టిక్ తెరచాపలతో పని లేదు. పలచని టిష్యూ కాగితానికి నీళ్ళు కలిపిన ఫెవికాల్ పూసి అడ్డకర్రకు చుట్టండి.

వెనక ఒక క్యాబిన్ కట్టాలి, అది బౌంటీలో లేదు. మూడో కొయ్య ఆ క్యాబిన్ మధ్యలో నుంచే దిగుతుంది. డార్విన్ ఉన్నది అక్కడే, మ్యాపుల బల్ల పైన ఉయ్యాల కట్టుకుని పడుకునేవాడు. పైకప్పు ఊడదీసేట్టు చేస్తే పిల్లలకు లోపల చూపించొచ్చు. పడవలు కూడా ఎక్కువ కావాలి. సర్వే ఓడ కదా, తీరం కొలిచేది పడవల్లోనే. రెండు చివర్లూ కోసుగా ఉండే వేల్‌బోట్లు మీరే చెక్కాలి, కిట్‌లోవి పనికిరావు.

ఒకటి మర్చిపోతున్నా. ఆ యాత్రకు స్నో హారిస్ అనే ఆయన కనిపెట్టిన పిడుగు వాహకాలు బిగించారు. కొయ్యలోనే పొదిగిన రాగి పట్టీలు, కింద సముద్రం దాకా. మీరు కొయ్యల వెనక రాగి రంగు గీత ఒకటి లాగితే చాలు, ఫిజిక్స్ సారు కూడా వచ్చి నిలబడతాడు.

ధర్మవరం మగ్గం

తాళ్ళకు నూలు దారం వద్దు మేడమ్, నూగు లేస్తుంది. ఈ సైజులో నూగు లేచిన తాడు పీచులా కనిపిస్తుంది. మా దగ్గర మగ్గాల వాళ్ళ ఇళ్ళలో తెగిన పట్టు పోగులు మిగులుతుంటాయి. పురి ఉన్నవి ఏరుకోండి. కొయ్యలను పక్కల నుంచి పట్టి ఉంచే తాళ్ళకు తారు పూసేవాళ్ళు కాబట్టి నల్లగా ఉండాలి, తెరచాపలు లాగే తాళ్ళు లేత గోధుమ రంగు. రెండు రంగులూ తేడాగా పెడితేనే అందం. వాడే ముందు తేనె మైనం మీద ఒకసారి లాగండి.

తాడిపత్రి టీచర్

ధర్మవరంలో మా పెద్దమ్మ వాళ్ళు ఉన్నారు, పోగులకు ఫోన్ చేసేశాను. తాతగారూ, నీళ్ళు దేనితో చేయాలి? రెజిన్ అంటున్నారు కానీ ఖరీదు చూస్తే టెన్షన్ వస్తోంది.

గుంతకల్లు తాత

రెజిన్ ఎందుకమ్మా? ప్లైవుడ్ పలక మీద టిష్యూ కాగితం నలిపి ఫెవికాల్‌తో అతికించండి, చిన్న అలలు వాటంతట అవే వస్తాయి. ఆరాక ముదురు నీలంలో కొంచెం పచ్చ కలిపి రంగు, పైన రెండు మూడు పూతలు నిగనిగలాడే వార్నిష్. ఓడను చివరన దించండి, చుట్టూ సందులో ఫెవికాల్ పెట్టి పుల్లతో ఎత్తండి. పూర్తయినాక రేకుల గదిలో మాత్రం పెట్టొద్దు. మన మే నెల ఎండకు సన్నటి ప్లాస్టిక్ ముక్కలు మెలికలు తిరుగుతాయి.