రోజూ బ్యాకప్ అవుతోంది, డిస్క్ సర్వర్‌కే తగిలించి ఉంది: ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) వస్తే ఇది చాలునా?

గుజ్జు_అకౌంట్స్:
చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆఫీసు. 6 కంప్యూటర్లు, అన్నీ విండోస్ 10. సర్వర్‌గా పెట్టిన ఒకదాంట్లో ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) డేటా ఉండాది, మిగతా 5 దాన్ని నెట్‌వర్క్ మీదుగా జెడ్ డ్రైవ్‌గా వాడతాయి. ఆడిటర్ గారు తిరుపతి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌లో చూస్తారని రౌటర్‌లో దానికి వాడే 3389 పోర్టు (బయటి నుంచి లోపలికి దారి) తెరిచినాం. 1 టీబీ డిస్క్ ఎప్పుడూ తగిలించే ఉంటుంది, రాత్రి 9కి బ్యాకప్ దానంతటదే అవుతుంది. తోతాపురి సీజన్ లోపల ఇంకేమన్నా చేయాలా?

రేణిగుంట_నెట్‌వర్క్:
ముందు ఆ 3389 మూసేయన్నా, ఈ రోజే. తెరిచి ఉన్న పోర్టుల కోసం బాట్‌లు (వాటంతటవే నడిచే ప్రోగ్రాములు) రాత్రీ పగలూ వెతుకుతుంటాయి. దొరికితే అడ్మినిస్ట్రేటర్ పేరు మీద పాస్‌వర్డ్‌లు వరసగా కొట్టి చూస్తాయి. నంబరు మార్చితే సరిపోతుందని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు, అన్ని పోర్టులూ స్కాన్ చేస్తారు. రౌటర్‌లో వైర్‌గార్డ్ గానీ ఓపెన్‌వీపీఎన్ గానీ (రెండూ తాళం వేసిన సొంత దారి లాంటి వీపీఎన్‌లు) ఉంటే ఆడిటర్ గారిని దాంట్లోంచి రమ్మను. ఆయనకు అడ్మిన్ హక్కులు లేని వేరే యూజర్ చాలు.

ఇక తగిలించి ఉన్న డిస్క్ బ్యాకప్ కిందికి రాదు. ర్యాన్సమ్‌వేర్ సి, డి, ఇ అంటూ కనబడిన ప్రతి డ్రైవూ తిరుగుతుంది. షాడో కాపీలను (విండోస్ తనే దాచుకునే పాత ప్రతులను) విండోస్ సొంత కమాండ్‌తోనే తుడిచేస్తుంది. పైగా నీ 5 కంప్యూటర్లలో ఏ ఒక్కదానికి సోకినా జెడ్ మీదుగా ట్యాలీ డేటా లాక్ అయిపోతుంది, సర్వర్‌లోకి వైరస్ ఎక్కకుండానే.

బీరువా_బ్యాకప్:
ఇంకో డిస్క్ కొని రెండూ మార్చి మార్చి వాడండి. ట్యాలీ అన్నిచోట్లా మూసి, డిస్క్ తగిలించి, తేదీ పేరుతో కొత్త ఫోల్డర్‌లోకి కాపీ చేసి, పీకి బీరువాలో పెట్టాలి. పాత ఫోల్డర్ మీదే రాస్తే లాకైన ఫైళ్లు మంచివాటిని మింగేస్తాయి. నెలకోసారి వేరే కంప్యూటర్‌లో రిస్టోర్ చేసి ట్రయల్ బ్యాలెన్స్ తెరిచి చూడండి. ఇది చేయనివాళ్లే ఎక్కువ.

విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగినాయి. అప్‌డేట్లు ఎందుకు ముఖ్యమంటే, 2017 మేలో వనాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ మన చిత్తూరు జిల్లా పోలీసు కంప్యూటర్లకూ తగిలింది. దాన్ని ఆపే ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) మార్చిలోనే వచ్చి ఉంది!

గుజ్జు_అకౌంట్స్:
పోర్టు మూసినాం. ఒక సిస్టంలో క్రాక్ ఆఫీస్ (లైసెన్స్ లేని దొంగ కాపీ) ఉండాది, వేసేటప్పుడు విండోస్ యాంటీవైరస్ డిఫెండర్‌ను ఆపినారు. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే చాలునా?

రేణిగుంట_నెట్‌వర్క్:
చాలదు. డిఫెండర్‌లో ఎక్స్‌క్లూజన్స్ (అది వెతకకుండా వదిలేసే చోట్ల జాబితా) చూడు. అక్కడ సి డ్రైవ్ మొత్తం ఉంటే తలుపు తీసిపెట్టినట్టే. ఆ ఒక్క సిస్టం ఫార్మాట్ చేసి లైసెన్స్‌ది వేయి. స్టాప్ డీజేవీయూ రకం ర్యాన్సమ్‌వేర్ ఎక్కువగా క్రాక్‌ల వెంటే వస్తుంది.

ఫైళ్ల పేర్ల చివర కొత్త అక్షరాలు కనబడ్డాయంటే మాత్రం ఫార్మాట్ జోలికి పోవద్దు. లాన్ వైరు పీకు, వైఫై ఆపు, వాళ్లు పెట్టిన నోట్ ఫైల్ దాచు. డీజేవీయూ అయితే అందులోని పర్సనల్ ఐడీ చివర టీ1 ఉందేమో చూడు. ఉంటే అది ఆఫ్‌లైన్ తాళం (నెట్ లేనప్పుడు చాలామందికి ఒకటే వాడేది), నో మోర్ ర్యాన్సమ్ సైట్‌లోని ఉచిత టూల్‌తో తెరుచుకునే అవకాశం ఉంది. ఫిర్యాదుకు సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930.