ట్యూనా చేపల ఆదాయంలో ద్వీప దేశాలకు న్యాయమైన వాటా దక్కుతోందా?

ప్రశ్న:
పసిఫిక్ మహాసముద్రంలోని ద్వీప దేశం కిరిబాటి భూభాగం సుమారు 811 చదరపు కిలోమీటర్లే అయినా, ఆ దేశానికి ఆర్థిక హక్కులున్న సముద్రం దాదాపు 35 లక్షల చదరపు కిలోమీటర్లు ఉంటుంది. అక్కడి ట్యూనాను పట్టేవి ఎక్కువగా విదేశీ ఓడలు, డబ్బాల్లో నింపేవి ఎక్కువగా థాయిలాండ్ వంటి దేశాల కర్మాగారాలు. మరి సముద్రం గల దేశానికి మిగిలేది ఏమిటి?

జవాబు 1:
ఒకప్పుడు మిగిలింది స్వల్పమే. చేపల వేటపై 1982లో కుదిరిన నౌరు ఒప్పందంలోని పసిఫిక్ ద్వీప దేశాలు ఒక్కొక్కటిగా బేరమాడటం మానేసి, ఓడలు వేటాడే రోజులకు ఉమ్మడి పరిమితి పెట్టి, ఆ రోజులను రుసుముకు ఓడలకు అమ్మే పద్ధతి తెచ్చాక, కనీస ధర రోజుకు 8,000 డాలర్లకు చేరింది. కిరిబాటి ప్రభుత్వ ఆదాయంలో సగానికి పైగా ఈ రుసుములదే. ఐకమత్యంతో సాధించిన ఇంత గట్టి ఫలితం మరొకటి నాకు కనిపించదు.

జవాబు 2:
రుసుము వేరు, ఉపాధి వేరండీ. సోలమన్ దీవుల్లోని నోరో పట్టణంలో చేపల డబ్బాల కర్మాగారం ఉంది, అందులో పనిచేసేవారిలో ఎక్కువమంది స్త్రీలే. కానీ మంచినీటికే కటకటగా ఉండే కిరిబాటి వంటి పగడపు దీవుల్లో అలాంటి కర్మాగారాన్ని నడపడం చాలా కష్టం.

జవాబు 3:
పై ఇద్దరూ చెప్పినది నిజమే కానీ, సముద్రం వేడెక్కేకొద్దీ ట్యూనా తూర్పుకు, ఏ దేశానికీ చెందని జలాల్లోకి తరలిపోతుందని శాస్త్రవేత్తల అంచనా. కర్బన ఉద్గారాల్లో ఈ ద్వీప దేశాల పాత్ర నామమాత్రం, నష్టం మాత్రం వాటిదే. చిన్న ద్వీప దేశాలు కోరిన మీదట అంతర్జాతీయ సముద్ర న్యాయస్థానం 2024 మేలో ఈ ఉద్గారాలు సముద్ర కాలుష్యమేనని అభిప్రాయం చెప్పింది. కాబట్టి చేప వెళ్లిపోయినా రుసుముపై హక్కు నిలిచేలా ఒప్పందాలను ఇప్పుడే తిరగరాయాలి.