అప్‌డేట్: ఆక్స్‌ఫర్డ్ సెయింట్ మేరీ హాల్ ఏమైంది?

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు ఉండి చదువుకునే సంస్థగా నడిచి, తర్వాత కనుమరుగైన సెయింట్ మేరీ హాల్ ఆనవాళ్లేమైనా మిగిలాయా అని ఇంతకుముందు అడిగాను. సమాధానాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. 1326 నుంచి ఓరియల్ కాలేజీకి అనుబంధంగా ఉండి, 1545 తర్వాత విడిగా నడిచిన ఈ హాలు, చివరి ప్రిన్సిపాల్ డ్రమండ్ చేజ్ మరణించాక 1902లో తిరిగి ఆ కాలేజీలోనే కలిసిపోయింది. ఆయన ఉన్నంతకాలం ఆగాలన్నది ముందే కుదిరిన ఏర్పాటు కాబట్టి, జవాబుల్లో కొందరన్నట్టు ఓరియల్ దీన్ని కబళించిందనడం నాకు సబబుగా తోచలేదు. హై స్ట్రీట్ వైపు భాగాన్ని కూల్చి, ఓరియల్ పూర్వ విద్యార్థి, వజ్రాల వ్యాపారి సెసిల్ రోడ్స్ ఇచ్చిన సొమ్ముతో కొత్త భవనం కట్టి 1911లో పూర్తిచేశారు గానీ, లోపల 1640 నాటి భోజనశాల, సరిగ్గా దాని నెత్తిమీదే కట్టిన ప్రార్థనామందిరం ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. ఆక్స్‌ఫర్డ్‌లో మరెక్కడా కనిపించని ఈ అమరికలో, గోతిక్ కిటికీలున్న పై అంతస్తు నేడు విద్యార్థుల గ్రంథాలయం.