ఎన్‌స్పైర్ తనిఖీ నోటీసు వచ్చింది. మా తెలుగు పెద్దవాళ్లకు ఎలా చెప్పాలి?

తాళంచెవి
న్యూజెర్సీలో హడ్ (అమెరికా ప్రభుత్వ గృహవసతి శాఖ) రాయితీతో నడిచే వృద్ధుల అపార్ట్‌మెంట్లకు మేనేజరుని. వృద్ధుల ఇళ్లకు సాయం చేసే సెక్షన్ 202 కింద కట్టిన భవనం. ఎన్‌స్పైర్ (ఇళ్ల స్థితి చూసి మార్కులు వేసే హడ్ తనిఖీ) పద్ధతిలో మాకు ఇదే మొదటి తనిఖీ. 28 రోజుల ముందస్తు నోటీసు చేతికి వచ్చింది. అద్దెకున్నవాళ్లలో తెలుగువాళ్లు పదిహేను మంది దాకా ఉంటారు. నోటీసులు ఇంగ్లిషులోనూ స్పానిష్‌లోనూ అచ్చువేసి తలుపుల కింద నుంచి తోస్తాం. మా పెద్దవాళ్లు వాటిని పిజ్జా కొట్టు కాగితాలతో కలిపి చెత్తబుట్టలో వేస్తున్నారు. నేను తెలుగువాడినే కనుక నోటితో చెప్పగలను. కానీ యాజమాన్యం "ఒక భాషవాళ్లకు చేస్తే అందరికీ చేయాలి, వద్దు" అంటోంది. మీ చోట ఏం చేశారు? చట్టం ఎంతవరకు అడుగుతుంది?

దుబాసి
అనువాదకుడిగా ఇలాంటి భవనాలకు పని చేస్తుంటాను. ప్రభుత్వ సొమ్ము తీసుకునే కార్యక్రమంలో పుట్టిన దేశాన్ని బట్టి వివక్ష చూపకూడదని 1964 పౌరహక్కుల చట్టం ఆరో అధ్యాయం చెబుతుంది. భాష తెలియనివాళ్లను పట్టించుకోకపోవడం కూడా దాని కిందికి వస్తుందని 1974లో లౌ వర్సెస్ నికోల్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అది బడి పిల్లల కేసే అయినా, తరవాతి మార్గదర్శకాలన్నీ దానిమీదే నిలబడ్డాయి.

హడ్ 2007 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకం నాలుగు సంగతులు చూడమంది: ఆ భాషవాళ్లు ఎంతమంది, ఎంత తరచుగా తారసపడతారు, విషయం ఎంత ముఖ్యం, మీ దగ్గర వనరులు ఎంత. ఒక భాషవాళ్లు 5 శాతం గానీ 1,000 మంది గానీ, ఏది తక్కువైతే అంత, ఉంటే ముఖ్య పత్రాలు అనువదిస్తే బాధ్యత నెరవేర్చినట్టుగా చూస్తామంది. 5 శాతం దాటినా మొత్తం 50 మంది లోపే అయితే, నోటితో ఉచితంగా అనువాదం పొందే హక్కు ఉందని వాళ్ల భాషలో ఒక కాగితం ఇస్తే సరిపోతుందంది. మీ పదిహేను మంది 5 శాతం దాటితే ఈ చివరి కోవలోకి వస్తారు. అందరికీ అన్నీ అనువదించమని ఎక్కడా లేదు. మీ యాజమాన్యం లేని భారాన్ని ఊహించుకుని భయపడుతోంది.

లెక్కల మాస్టారు
అవన్నీ పాత మాటలు. ఇంగ్లిషు రానివాళ్లకూ సేవలు అందేలా చూడమని 2000లో వచ్చిన అధ్యక్షుడి 13166 ఉత్తర్వును 2025 మార్చిలో 14224 ఉత్తర్వు రద్దు చేసింది. ఇంగ్లిషే అధికార భాష. ఇక మేనేజర్లు సొంత ఖర్చుతో ఈ తంటాలు ఎందుకు పడాలి?

దుబాసి
మాస్టారూ, పోయింది ఉత్తర్వు. చట్టం అలాగే ఉంది, ఇళ్ల విషయంలో వివక్ష వద్దనే 1968 గృహవసతి చట్టమూ ఉంది. ఏ ప్రభుత్వ శాఖా తన సేవలు మార్చుకోవాలని ఈ ఉత్తర్వు ఆదేశించడం లేదని 14224లోనే రాసి ఉంది. హడ్ వైఖరి మారినమాట నిజమే, అందుకే మీ వకీలును అడిగి ముందుకెళ్లండి. రాష్ట్రాల చట్టాలు వేరు. అవి కూడా మనకు పెద్దగా పనికిరావు. ఉదాహరణకు కాలిఫోర్నియా సివిల్ కోడ్ 1632 లీజు అనువాదం గురించి చెప్పేది స్పానిష్, చైనీస్, టాగలాగ్, వియత్నామీస్, కొరియన్ భాషలకే. 2004లో జనగణన శాఖ వేసిన "నేను ఈ భాష మాట్లాడతాను" కార్డులో హిందీ, బెంగాలీ, ఉర్దూ ఉన్నాయి, తెలుగు లేదు. మన అవ్వ ఆ కార్డు చూసి దేనిమీద వేలు పెడుతుంది?

రిపేరు డబ్బా
చట్టం సంగతి మీరు తేల్చుకోండి. నేను పనిముట్ల సంచితో ఇళ్లలోకి వెళ్లేవాడిని. తెలుగు ఇంట్లో అడుగుపెట్టగానే నేను తల ఎత్తి చూసేది పొగ అలారం. తాలింపు వేసినప్పుడల్లా అది కూస్తుంది కనుక మనవాళ్లకు దానిమీద పగ. ఒకావిడ స్నానానికి పెట్టుకునే ప్లాస్టిక్ టోపీని దానికి తొడిగి, చుట్టూ రబ్బరు బ్యాండు వేశారు, ముడత లేకుండా! ఎన్‌స్పైర్‌లో అలారం లేకపోయినా, మోగకపోయినా, ఇలా కప్పేసినా అది ప్రాణాపాయ లోపం. విచిత్రం ఏమిటంటే దానికి మార్కులు కోయరు, స్కోరు పక్కన నక్షత్రం గుర్తు వేస్తారు. కానీ 24 గంటల్లో సరిచేయాలి, ఆ తరవాత ఆధారం పంపాలి.

"తీసేయండమ్మా" అని వచ్చేస్తే మర్నాటి పోపుకు టోపీ మళ్లీ ఎక్కుతుంది. నేను పొయ్యి మీది ఫ్యాను జాలి విప్పి చూశాను. నూనె జిడ్డు పేరుకుపోయి చుక్క గాలి లాగడం లేదు. అలారం చూస్తే పొయ్యికి చేతికందే దూరంలో ఉంది. సాధారణంగా పది అడుగుల లోపు పెట్టకూడదని అగ్ని అలారాలకు ఉన్న ఎన్‌ఎఫ్‌పీఏ 72 ప్రమాణం. జాలి మార్చి, అలారం దూరం జరిపాక ఆవిడే టోపీ తీసి నా చేతిలో పెట్టారు. "ముందే ఇలా చేసి ఉంటే నాకెందుకయ్యా ఈ పని" అన్నారు. నిజమే కదా. ఈ ముక్క ఏ నోటీసులో అనువదిస్తారు?

ఫ్రీమాంట్ పెద్దబ్బాయి
నేను అవతలి పక్క మనిషిని, మా అమ్మ ఇలాంటి భవనంలోనే ఉంటుంది. పోయినసారి తనిఖీ మనిషి, భవనం తరఫు మనిషి వచ్చినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. నాలుగో తరగతి చదివే మా అమ్మాయి నానమ్మ దగ్గర ఉంది, దానితో అనువాదం చేయించారు. "ఇక్కడ ఎలుకలు ఉన్నాయా" అని అడిగితే, నానమ్మకు నామోషీ అని అది "లేవు" అని చెప్పింది. ఉన్నాయి. పిల్లలతో ఇలాంటి పని చేయించకూడదు కదా?

దుబాసి
చేయించకూడదు. 2007 మార్గదర్శకమే పిల్లలమీద ఆధారపడవద్దంది. పెద్దవాళ్లయినా బంధువులతో చేయించడం, అద్దెకున్న మనిషి తానే కోరుకుంటే తప్ప, మంచిది కాదు. ఫోనులో అనువాదకులు దొరుకుతారు. అయితే స్పానిష్‌కు దొరికినట్టు తెలుగుకు అప్పటికప్పుడు దొరకకపోవచ్చు. ముందురోజే వేళ ఖాయం చేసుకోవాలి.

తాళంచెవి
మంచి సంగతులు. ఇంకో చిక్కు: ఏ ఇళ్లు చూస్తారో ఆ రోజే ఎంపిక చేస్తారట. అంటే పదిహేను ఇళ్లకూ చెప్పాలి. పైగా మావాళ్లలో ఇద్దరు ముగ్గురికి తెలుగు చదవడమూ రాదు.

రిపేరు డబ్బా
అందుకే కాగితం ఒక్కటే నమ్ముకోకండి. కాఫీ వేళకు కింది హాల్లో కూర్చోబెట్టి ఓ అరగంట మాట్లాడండి. పడకగది కిటికీకి అడ్డంగా బియ్యం బస్తాలు, సూట్‌కేసులు పేర్చవద్దని చెప్పండి, మంటలొస్తే బయటపడే దారి అదే. గ్యాసు వేడినీటి ట్యాంకు ఇంట్లోనే ఉంటే మూడు అడుగుల లోపు అట్టపెట్టెలు ఉండకూడదు. నడవాలోని అగ్నిమాపక తలుపుకు చెప్పు అడ్డం పెట్టి తెరిచి ఉంచడం మనవాళ్లకు అలవాటు, గాలి ఆడాలని. అదీ ఆపించండి. పాడైన పొయ్యి బర్నరు, ఊడిన స్విచ్చు పలక ముందే చెబితే మీరే బాగుచేస్తారని గట్టిగా చెప్పండి. చెబితే ఇల్లు ఖాళీ చేయిస్తారని వాళ్ల భయం. ఆ భయం పోగొట్టకపోతే కారే పంపు కింద గిన్నె పెట్టుకుని కూర్చుంటారు.

ఇళ్ల లోపలి లోపాలకే ఎన్‌స్పైర్‌లో ఎక్కువ కోత. మొత్తం మీద గట్టెక్కే మార్కు 60 దాటినా, ఇళ్ల విభాగంలో 30 మార్కులు పోతే తప్పినట్టే. తోట కత్తిరించి, ముందు గేటుకు రంగు వేస్తే గట్టెక్కే రోజులు పోయాయి.

లెక్కల మాస్టారు
అరగంట మాటలకైతే ఖర్చు లేదు, ఒప్పుకుంటాను. 90 గానీ ఆపైన గానీ వస్తే మళ్లీ మూడేళ్ల దాకా తనిఖీ లేదు, 80 నుంచి 89 అయితే రెండేళ్లు, అంతకన్నా తక్కువైతే ఏడాదికే. మీ యాజమాన్యానికి ఈ అంకెలు చూపించండి. పౌరహక్కుల గురించి చెబితే వినరేమో కానీ దీనికి చెవి ఒగ్గుతారు.

తాళంచెవి
శనివారం హాల్లో పెడుతున్నాను. స్పానిష్‌వాళ్లకు విడిగా ఇంకో అరగంట, యాజమాన్యం నోరెత్తకుండా. అనువాద హక్కు కాగితం తెలుగులో ఒక పేజీ ముసాయిదా రాసి ఇక్కడ పెడతాను. దుబాసి గారూ, ఒకసారి చూసి పెట్టగలరా?

దుబాసి
పెట్టండి, చూస్తాను. అక్షరాలు పెద్దవిగా వేయండి, సంప్రదించాల్సిన ఫోను నంబరు పైనే ఉండాలి. ఆ మీటింగుకు ఎవరెవరు వచ్చారో, ఏ భాషలో మాట్లాడారో తేదీతో సహా ఫైలులో రాసి ఉంచుకోండి. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే మీ దగ్గర చూపించడానికి ఉండేది అదే.